ఒడిబియ్యంలో పోసిన బంగారు రూక

నా తెలివితక్కువతనాన్ని ఎవరో వచ్చి బయటపెట్టేలోగా నేనే ఒప్పుకోవడం మర్యాద. గద్వాలలో మా వీధివాళ్లు నన్ను నాణేల సారు అంటారు. ఎవరింట్లో పాత బిళ్ల దొరికినా, దాన్ని చేతిరుమాలులో మూటకట్టుకుని నా అరుగు ఎక్కుతారు. అంతటి పేరున్న నేను, నా జీవితం మొత్తంలో నాకు దక్కిన ఒకే ఒక్క పాత బంగారు నాణేన్ని బియ్యంలో కలిపి, దోసిళ్లతో ఎత్తి, దీవెనలతో సహా బస్సెక్కించి పంపి, అది ఎసట్లో పడే సమయం దగ్గరపడ్డాక గాని సంగతి తెలుసుకోలేకపోయాను. పసిడిని పసుపులో దాచిన ఆ పసితనం నాకు ఇరవై ఏడేళ్ల వయసులో ఉంది. అంటే పసితనం అని చెప్పుకుని తప్పించుకునే వీలు కూడా లేదు.

ఇదంతా మళ్లీ ఎందుకు కదిలిందంటే, మొన్న ఆదివారం పొద్దున మా ఎదురింటి కోడలు ఫోనులో ఏదో వీడియో చూసి, రెండు రూపాయల బిళ్ల ఒకటి పట్టుకుని పరుగున వచ్చింది. "సారూ, గిసొంటి బిళ్లకు లక్షలొస్తయంట, జర చూడుండ్రి" అంది. నేను భూతద్దం పెట్టి చూసి, ఆ బిళ్ల విలువ రెండు రూపాయలేనని వీలైనంత మెత్తగా చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మరి మీ దగ్గర బంగారు బిళ్ల ఏదన్న ఉందా సారూ?" అని అడిగింది. లేదన్నాను. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు అద్దం అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నా దగ్గర ఉండేది. అది మా నాయనమ్మది. ఆమె రాయచూరు వైపు నుంచి గద్వాలకు కోడలుగా వచ్చిన మనిషి, ఆ నాణేన్ని కన్నడంలో 'హణ' అనేది. మేము రూక అనేవాళ్లం. కందిపప్పు బద్దంత ఉంటుంది, అంతకన్నా పలచగా ఉంటుంది, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. ఒకవైపు కూర్చున్న దేవుడి బొమ్మ, ఇంకోవైపు మూడు వరసల్లో చీమల బారులాంటి అక్షరాలు. ఆ కాలంలో నేను తుంగభద్ర పక్కన రాజోలిలో చిన్న బడిలో పంతులుగా ఉండేవాణ్ని. శనివారం సాయంత్రం గద్వాలకు వచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న నాన్నను పలకరించి, వెంటనే ఆ రూకను తీసి చూసుకునేవాణ్ని. నాన్న మగ్గం ఆపకుండానే, "జరీ చూసి చూసి నాకు బంగారం మీద మోజు పోయింది, నీకెక్కడిదిరా గీ పిచ్చి" అని నవ్వేవాడు.

పిచ్చి అంటించినవాడు వనపర్తిలో ఉండేవాడు. నేను పంతులు శిక్షణకు అక్కడున్న రోజుల్లో, గదికి ఎదురుగా ఒక ముసలి అవుసులాయన కొలిమి పెట్టుకుని బంగారప్పని చేసేవాడు. నేను ఒకసారి రూక తీసుకెళ్లి చూపిస్తే, చెవి వెనక పుల్లను తీసి దాన్ని తిరగేసి తిరగేసి చూసి, ఇలాంటివి తన తాత గంపల్లో చూశాడని, తన తండ్రి గిద్దెల్లో చూశాడని, తను మాత్రం నలభై ఏళ్ల పనిలో రెండంటే రెండే చూశానని చెప్పాడు. అన్నీ ఏమయ్యాయని అడిగితే నవ్వి, తన కొలిమి వైపు గడ్డంతో చూపించాడు. ముక్కుపుల్లలు, చెవిపోగులు, పుస్తెలు అయ్యాయట. వీళ్ల వంశం ఊదిన ప్రతి గొట్టమూ ఒక దేవుడి బొమ్మను కరిగించిందన్నమాట. పాత బంగారు నాణెం ఎందుకు అరుదో నాకు ఆ రోజు తెలిసింది. పోగొట్టుకుంటే అరుదయ్యే వస్తువులు వేరు. ఇది వాడుకుని వాడుకుని అరుదైంది.

అరుదైనదని తెలియనంత కాలం నేను హాయిగా నిద్రపోయాను. తెలిసిన రోజు నుంచి నాకు కుదురు లేదు. పెట్టెలో పెడితే దొంగ పెట్టెనే ఎత్తుకుపోతాడేమో, పుస్తకంలో పెడితే జారిపోతుందేమో, జేబులో పెట్టుకుంటే చాకలికి పోతుందేమో. వారానికొక చోటు మార్చేవాణ్ని, మార్చిన చోటు గుర్తుండదేమో అని ఇంకో బెంగ. చివరికి నాకు అపారమైన తెలివి కలిగింది. దేవుడి గూట్లో అమ్మ దంచి పెట్టుకున్న పసుపు డబ్బా ఉండేది. పచ్చటి దానిలో పచ్చటిది, పైగా దేవుడి కాపలా, దొంగ పసుపు ఎత్తుకుపోడు కదా అనుకుని రూకను ఆ పసుపులో వేలితో లోపలికి గుచ్చి, ఎవరికీ చెప్పకుండా రాజోలికి పోయాను. ఆ వారం నేను నిశ్చింతగా ఉన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మన ఈడు వాళ్లకు ఒడిబియ్యం గురించి వేరే చెప్పనక్కర్లేదు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, బియ్యానికి పసుపు పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికగుడ్డతో కలిపి ఆమె ఒడిలో దోసిళ్లతో పోసి పంపుతాం. ఆ బియ్యాన్ని ఆమె అత్తవారింట్లో వండి చుట్టపక్కాలకు పెట్టాలి. మా అక్కను నాగర్‌కర్నూల్‌లో ఇచ్చాము. ఆమె అత్త నోరు మంచిదే గాని ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అంతకుముందు పోసిన ఒడిబియ్యంలో నూకలు ఎక్కువున్నాయని ఊరంతా చెప్పింది. అందుకని ఈసారి అమ్మ పట్టుబట్టి మంచి సన్నబియ్యం తెప్పించి, చాటలో మూడుసార్లు చెరిగి, గింజ గింజా చూసి పెట్టింది. అక్క వచ్చిన దగ్గర నుంచి ఆ బియ్యాన్ని చేత్తో తీసుకుని జారవిడుస్తూ, "ఈసారి మా అత్త ఏం వంక పెడ్తదో చూస్త" అంటూ మురిసిపోయిందట.

ఆ శుక్రవారం పొద్దున నేను రాజోలి నుంచి బస్సు దిగి ఇంటికి చేరేసరికి అక్క, బావ పీటల మీద కూర్చుని ఉన్నారు, బియ్యం కలిపి సిద్ధంగా ఉంది. కాళ్లు కడుక్కుని నేరుగా వెళ్లి, తమ్ముడి హోదాలో నా దోసిళ్లతో నేనే పోశాను. ఎంత పసుపు పట్టిందో బియ్యానికి, మెరిసిపోతోందని అమ్మను మెచ్చుకున్నాను కూడా. అక్క కళ్లు చెమ్మగిల్లాయి, నాకూ ఏదో అయింది. మధ్యాహ్నం బస్సుకు వాళ్లను సాగనంపి వచ్చి, సాయంత్రం దీపం పెట్టే వేళకు రూకను చూసుకుందామని గూటి దగ్గరికి వెళ్తే, డబ్బా తళతళ తోమి బోర్లించి ఉంది.

"అమ్మా, గీ పసుపేమైంది?" అన్నాను.

"ఒడిబియ్యానికి పట్టిచ్చిన బిడ్డా. దేవుని గూట్లది, నా చేతుల్తోని దంచింది. అక్కకు కాకపోతె ఎవ్వరికి?"

అక్క ఒడిలో పోసి నేను ఓడిపోయానని అప్పుడు అర్థమైంది. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం అక్క వెళ్లేముందు ఐదు పిడికిళ్ల బియ్యం పుట్టింటికి వదిలి వెళ్తుంది. దేవుడి దగ్గర పళ్లెంలో ఉన్న ఆ బియ్యాన్ని నేల మీద పరిచి, గింజ గింజను వేలితో పక్కకు నెట్టి చూశాను. రూక లేదు. అమ్మ వచ్చి, "ఏందిరా, అక్కకు పోసిన బియ్యం లెక్కవెడ్తున్నవా?" అని నోటి మీద చేయి వేసుకుంది. ఇక దాచలేక చెప్పేశాను.

అమ్మ తిట్టలేదు. నెమ్మదిగా చెప్పింది, ఒడిలో పడింది ఆడపిల్లది, దాన్ని వెనక్కి అడగడమంటే ఆమె ఒడి ఖాళీ చేసినట్టే. పైగా పోసిన తెల్లారే తమ్ముడు వచ్చి బియ్యం వెతికాడంటే ఆ అత్త చచ్చేదాకా ఆ మాట వదలదు, అక్క ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. "పోతె పో. కంటికి కనవడితె తెచ్చుకో. నోరు మాత్రం ఇప్పకు," అంది. ఆదివారం మధ్యాహ్నం బియ్యం వండుతారు. అంటే నాకు ఒకటిన్నర రోజు ఉంది, నోరు లేదు. ఉత్త చేతులతో పోతే అనుమానం వస్తుందని, లెక్కలో ఒకటి తక్కువ పడిందన్న సాకుతో అమ్మ నా చేతిలో ఒక కుడుక పెట్టింది. ఒక ఎండుకొబ్బరి చిప్ప ఇవ్వడానికి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు ప్రయాణం కట్టిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

శనివారం పొద్దున్నే బయలుదేరాను. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక బస్సు, వనపర్తిలో ఇంకొకటి మారాలి. దారి పొడుగునా నా ఆలోచన ఒక్కటే, అక్కవాళ్లు ఆదివారం వండుతామన్న బియ్యాన్ని శనివారమే వండేస్తే? వనపర్తిలో నాగర్‌కర్నూల్ బస్సు గంట ఆలస్యమని తెలిసి, కాళ్లు ఆగక అవుసులాయన దగ్గరికి నడిచాను. మనిషి అప్పటికి బాగా వంగిపోయాడు, నన్ను గుర్తుపట్టాడు. సంగతి చెప్పి, అన్నంతో పాటు ఉడికితే రూక కరుగుతుందా అని అడిగాను. ఆయన ఊదుగొట్టం కింద పెట్టి మరీ నవ్వాడు.

"అన్నం కుండల బంగారం కరుగుతదా సారూ? గట్లయితె నాకు కొలిమెందుకు, మా ముసల్దాని పొయ్యే సాలు. కడుపుల గూడ కరగది. ఎవరన్న మింగిండ్రనుకో, ఒక్క దినం ఓపిక వట్టు, అదే బైటికొస్తది. కాకపోతె ఎవరు మింగిండ్రో నీకు ఎర్కుండాలె."

నాకు ధైర్యం చెప్పాననే ఆయన అనుకున్నాడు. నేను మాత్రం తర్వాతి బస్సులో ఇరవై మంది చుట్టాల కడుపుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాగర్‌కర్నూల్‌లో బావకు ఎరువుల దుకాణం. మనిషి నా కన్నా ఎనిమిదేళ్లు పెద్ద, మాట చమత్కారం, చేతికి ఎముక లేదని పేరు, ఒక్క విషయంలో తప్ప. ఆయనకూ నాణేల పిచ్చి ఉంది. నిజాం కాలపు రాగి దమ్మిడీలు, వెండి రూపాయలు కట్టలుగా కూడబెట్టాడు, ఎవరొచ్చినా విప్పి చూపించేవాడు, ఎవరికీ ఒక్కటి ఇచ్చేవాడు కాదు. బంగారందే ఒక్కటీ లేదు. నా దగ్గర రూక ఉందని తెలిసినప్పటి నుంచి ఒక్కసారి చూపించమని అడుగుతూనే ఉన్నాడు, నేను గొప్పకు పోయి వచ్చేసారి, వచ్చేసారి అంటూనే ఉన్నాను. చూపించి ఉంటే బాగుండేదేమో, ఆ తర్వాత జరిగింది జరిగేది కాదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కుడుక చేతికిచ్చాను. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. అక్క అత్త మాత్రం, "గీ ఒక్క కుడుక కోసం బస్సు కిరాయి వెట్టుకొని వొస్తివా అయ్య? మీ అమ్మకు ఎంత పానం బిడ్డంటె," అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు. ఒడిబియ్యం దేవుడి మూలన వెదురుగంపలో గుడ్డ కప్పి ఉంది. నేను ఆ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని, చాట ఒకటి దగ్గరికి లాక్కుని, ఊరికే కూర్చోవడమెందుకు రేపటికి బియ్యం ఏరి పెడతానన్నాను.

అత్త బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "అగో! బియ్యం ఏరనీకె మొగపిల్లగాడు గద్వాల కెల్లి వచ్చిండు. ఏమయ్య, మీ అమ్మ పోసిన బియ్యంల రాళ్లున్నయా ఏంది, గంత పరేషానైతున్నవు?"

అక్క నా వైపు చూసిన చూపుకు చాట నా చేతిలోంచి దానంతటదే జారింది. మూడుసార్లు చెరిగిన బియ్యం, అక్క రెండు రోజులుగా మెడ నిటారుగా పెట్టుకుని తిరుగుతున్న బియ్యం. నేను ఇంకొక్క మాట అంటే ఆ మెడ వంగుతుంది. నోరు మూసుకున్నాను. ఆ రోజంతా గంప మీద గుడ్డను చూస్తూ గడిపాను. ఆకలి లేదు, దాహం లేదు. గుడ్డ మీద ఈగ వాలినా గుండె గుభేలుమనేది.

ఆదివారం పొద్దున అక్క బియ్యాన్ని కడగడానికి బావి దగ్గర కూర్చుంది. నీళ్లు పోసి గిన్నె తిప్పుతూ గాలిస్తే బరువైనది అడుగుకు చేరుతుంది, రాయైనా రూకైనా. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ బియ్యం బాగున్నాయన్న ధీమాతో అక్క సరిగ్గా గాలించనే లేదు. రెండుసార్లు నీళ్లు పోసి ఒంపేసింది, ఆ నీళ్లు బర్రె కుడితి గోలెంలోకి పోయాయి. అందరూ లోపలికి వెళ్లాక నేను చొక్కా చేయి మడిచి, గోలెంలో మోచేతి దాకా పెట్టి అడుగంతా వెతికాను. తవుడు, అరటితొక్కలు, వంకాయ తొడిమలు తగిలాయి. బర్రె నా వైపు చూసి గట్టిగా నిట్టూర్చింది. అత్త గుమ్మంలోంచి చూసి, "పంతులైనా పనిమంతుడే, కుడితి కలుపుతున్నడు" అని లోపలివాళ్లకు చెప్పింది.

మధ్యాహ్నానికి ఇరవై విస్తళ్లు పరిచారు. వడ్డిస్తానని నేనే ముందుకు దూకాను. పసుపు అన్నం పొగలు కక్కుతోంది, అన్నమంతా పచ్చగా ఉంది, అందులో నా పచ్చటి రూకను ఎలా పోల్చుకోను? ప్రతి గరిటెనూ విస్తరి మీద విడగొట్టి, గింజలు చెదిరేలా వడ్డిస్తూ పోయాను. వడ్డించాక వరస చివర నిలబడి ఒక్కొక్కరి దవడలు చూశాను. పళ్లున్నవాళ్ల విషయంలో కొంత నమ్మకం ఉంది. గోడ పక్కన పళ్లు లేని ముసలమ్మ ఒకామె నమలకుండానే ముద్దలు మింగుతోంది. ఆమె గొంతు కదిలినప్పుడల్లా నా గొంతూ కదిలింది. కొసరి కొసరి వడ్డిస్తున్న మర్యాదస్తుడినని నన్ను అందరూ మెచ్చుకున్నారు.

రెండోసారి వడ్డన అయ్యాక, బావ దవడ ఆగింది.

ఆగి, మెల్లగా ఒకసారి కదిలి, మళ్లీ ఆగింది. ఎడమచేయి నోటి దాకా వెళ్లింది. ఆయన కళ్లు విస్తరి మీది నుంచి లేచి సూటిగా నా మీద వాలాయి, వాలి అంతే వేగంగా తప్పుకున్నాయి. అన్నం సగంలో వదిలి లేచి బావి దగ్గరికి పోయి, నోరు పుక్కిలించి వచ్చాడు. వచ్చేటప్పుడు ఎడమచేయి చొక్కా జేబులో ఉంది.

"ఏమైందిరా?" అంది తల్లి.

"ఏమున్నది, రాయి," అన్నాడు బావ, దవడ పట్టుకుని. "బామ్మర్దీ, ఒడిబియ్యంల రాళ్లు గూడ పోస్తరా మీ గద్వాలల? నా పన్ను వాయె."

వరసంతా నవ్వింది. అత్త నవ్వలేదు, అక్క వైపు తిరిగి, "నేను నిన్ననే అంటి," అంది. అక్క ముఖంలోంచి నెత్తురంతా దిగిపోవడం నేను చూశాను. చేతిలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. అది రాయి కాదు అనొచ్చు. అంటే, ఆ ఇంటి యజమానిని వాళ్ల ఇంట్లో, చుట్టాల ముందు, అక్క వండిన అన్నం మీద దొంగ అన్నట్టు. ఒకవేళ అది నిజంగానే రాయి అయితే? పైగా అమ్మ నోరు విప్పొద్దంది. ఇన్ని కారణాలు చెప్పుకున్నాను గాని, అసలు కారణం నాకు ధైర్యం లేకపోవడమే. నేను నోరు విప్పకపోవడం వల్ల మా ఇంటికి ఆ వైపు చుట్టాల్లో రాళ్లబియ్యపోళ్లు అని పేరు పడింది. అత్త బతికున్నన్నాళ్లూ ఆ పేరుతోనే పిలిచింది. అక్క ఎన్ని ఏళ్లు ఎన్ని పండుగలకు ఆ మాట విన్నదో నేను లెక్కపెట్టలేను. తర్వాత మేము పోసిన ఒడిబియ్యాన్ని ప్రతిసారీ అక్క ఒంటరిగా కూర్చుని గింజ గింజా ఏరుకునేదని, అప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదని మేనకోడలు ఒకసారి చెప్పింది. రూక పోయిన బాధ నాకు రెండేళ్లలో తగ్గింది. ఇది తగ్గలేదు.

బావ నాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. వెళ్లినప్పుడల్లా నాణేల కట్టలు విప్పేవాడు, నేను ఒక్కొక్కటీ చూసేవాణ్ని, అది తప్ప అన్నీ ఉండేవి. ఒక విషయం మాత్రం కాలక్రమాన అర్థమైంది. నాణేలు పోగుచేసే మనిషికి ఉన్నదాన్ని చూపించలేకపోవడం కన్నా పెద్ద శిక్ష లేదు. తన దగ్గరున్న వాటిలోకెల్లా అరుదైనది ఆయన నలుగురిలో తియ్యలేడు, నేను బతికున్నంత కాలం అసలు తియ్యలేడు. అలా మేమిద్దరం దాన్ని పోగొట్టుకున్నాం, నేను ఒకసారి, ఆయన రోజూ.

ఈలోగా లోకం మారిపోయింది. ఇప్పుడు ఒడిబియ్యం ఫంక్షన్ హాల్లో పోస్తున్నారు. బియ్యం మిషన్లో రాళ్లు తీసి సంచుల్లో వస్తాయి, పసుపు పొట్లాల్లో వస్తుంది, వంట క్యాటరింగ్ వాళ్లది, ఆ అన్నంలో ఎవరి చేతి బంగారమూ, ఎవరి చేతి రాయీ పడే అవకాశం లేదు. బంగారం బ్యాంకు లాకర్లో ఉంటుంది, దాని బెంగ కూడా అక్కడే పెట్టి తాళం వేసి వస్తున్నారు. దేవుడి గూట్లో డబ్బా తీసి, వేలు ముంచి, గోరు అంచుకు చల్లగా తగిలే ఆ చిన్న అంచు కోసం వెతికే వాళ్లు లేరు. మా నాయనమ్మ ఆ రూకను ఎవరి దగ్గర, ఏ సంతోషానికి అందుకుందో నేను అడగనే లేదు. అడిగితే చెప్పగలవాళ్లు ఇప్పుడు లేరు. అరుదైనవి నాణేలే అనుకున్నాను, వాటి కథ తెలిసిన మనుషులు ఇంకా ముందుగా అయిపోయారు.

నిరుడు అక్కకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని చూసి రావడానికి నాగర్‌కర్నూల్ పోయాను. బావకు డెబ్బై దాటాయి. మామూలుగానే కట్టలు విప్పాడు. ఒక దమ్మిడీ చూస్తూ చూస్తూ, నేను ఏదో గుర్తొచ్చినట్టు అన్నాను, నా దగ్గర ఒకప్పుడు రూక ఒకటి ఉండేదని, ఎక్కడో పోయిందని, పోతే పోయింది, అది పాతది కాదని తర్వాత తెలిసిందని. అలాంటివి అవుసులోళ్లు హారాల కోసం అచ్చులు చేసి పోసేవాళ్లు, బంగారం అసలే గాని పాతదనం నకలు, గీటురాయి మీద గీసినా తెలియదు, బాగా చూసిన కన్నుకే తెలుస్తుంది అని కూడా చెప్పాను. ఇంత పొడుగు అబద్ధం నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తనిఖీ అధికారికి కూడా చెప్పలేదు.

బావ చేయి కట్ట మీద ఆగిపోయింది. "గంత పక్కాగ ఎట్ల చెప్తరు?" అన్నాడు.

"చేతిల పెడితె చెప్తరు బావా. ఊకె ఎట్ల చెప్తరు."

ఆ పూట ఆయన సరిగ్గా తినలేదు. తెల్లవారి జొన్నరొట్టె తిని నేను బయలుదేరబోతుంటే, ఒక అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "జర చూడు బామ్మర్దీ. గిది... గిది అప్పటిదే. మీ ఒడిబియ్యంల వచ్చింది."

అక్క మోకాళ్లకు నూనె రాసుకుంటూ మంచం మీద ఉంది. తల ఎత్తింది.

"రాయి అంటివి గద?" అంది.

బావ నేల చూశాడు.

"ఇన్నేండ్లు నా పుట్టింటోళ్లను రాళ్లబియ్యపోళ్లంటుంటె, పక్కన కూసొని తింటివి గద. మీ అమ్మ సచ్చిపోయేనాడు గూడ గదే మాట అనె. నువ్వు ఇనవడనట్టు ఊకుంటివి గద."

నేను అగ్గిపెట్టె తెరిచాను. దూదిలో ఉంది. కూర్చున్న దేవుడు, మూడు వరసల చీమలు, అంచు మీద ఒక చిన్న సొట్ట, బావ పన్ను గుర్తు. నా చేతికి మళ్లీ ఆ బరువులేని బరువు తగిలింది. అద్దం పెట్టి చాలాసేపు చూశాను, చూడవలసిన దానికన్నా ఎక్కువసేపు చూశాను. ఎందుకంటే ఇక మళ్లీ చూడనని నాకు తెలుసు.

"బంగారమే బావా," అన్నాను. "పాతదా, నకలా అంటే మాత్రం... ఒక్కసారి చూసి చెప్పేటిది కాదు."

అని, దాన్ని ఆయన చాచిన చేతిలో పెట్టలేదు. తీసుకెళ్లి అక్క అరచేతిలో పెట్టాను. నీ ఒడిలో పోసింది ఇదే అక్కా అన్నాను. అక్క దాన్ని చూడను కూడా చూడలేదు, కొంగు చివర ముడివేసి, మళ్లీ మోకాలికి నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు గెలిచినప్పుడు పెట్టే ముఖం ఒకటి ఉండేది ఆమెకు. నేను దాన్ని మరిచిపోయానని ఆ పొద్దుట తెలిసింది.

అప్పటి నుంచి బావ పదిహేను రోజులకోసారి ఫోను చేస్తున్నాడు. కుశల ప్రశ్నలు అయ్యాక కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, "మీ అక్కను అడిగి తెస్త గాని, ఇంకొక్కసారి చూసి చెప్తవా, అసలుదా, నకలా?" అంటాడు. నాకు శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది కావస్తోంది, ఇప్పుడు చీమ కాళ్లు కూడా లెక్కపెట్టగలను.

"కండ్లు జర మసకగున్నయి బావా, వచ్చే నెల చూద్దాం," అంటాను ప్రతిసారీ.